తల్లీబిడ్డల క్షేమము: మిషను ఆసుపత్రి నుండి పల్లె గడప వరకు

నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఐగుప్తు రాజు పేరు లేదు. షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానుల పేర్లు మాత్రము ఉన్నాయి. పసిబిడ్డలను బ్రదుకనిచ్చిన స్త్రీలకు వాక్యము ఇచ్చిన గౌరవము అది. మన డయోసీసు నూరేండ్ల పండుగ జరుపుకొంటున్న ఈ సమయములో దేవాలయములను గూర్చి, బడులను గూర్చి పెద్దలు వ్రాస్తున్నారు. మేము తల్లీబిడ్డల ప్రాణములు కాపాడిన సేవను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

కాన్పు అంటే ఆడదానికి పునర్జన్మ అని మన నాయనమ్మలు అనేవారు. అది ఊరికే అన్న మాట కాదు. కాన్పు అడ్డము తిరిగితే మంత్రసానికి తోచినది చేయడమే గాని వేరే దారి లేదు. ఘోషా పాటించే ఇండ్లలో మగ డాక్టరును గడప దాటనిచ్చేవారు కారు. బొడ్డును కొడవలితో కోస్తే ధనుర్వాతము సోకి, కొద్ది రోజులలోనే పసిగుడ్డు కన్నుమూసేది. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసేవారు. పథ్యము పేరుతో బాలింత కడుపు మాడ్చేవారు.

1883 లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనెరీ డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానిగారికి మొదట అప్పగించిన పని వైద్యము కాదు. అయినా వాకిటికి వచ్చిన రోగులను ఆమె త్రిప్పి పంపలేదు. 1898 లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. 1930 లో ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. జనము ఆ ఆసుపత్రిని ఆమె పేరుతోనే పిలుచుకొన్నారు.

తమిళ దేశములోని తిండివనములో జరిగిన సంగతి మనలో చాలామంది విన్నదే. 1890ల లో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తరువాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడమని ఐడా స్కడ్డర్‌ను వేడుకొన్నారు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రి వస్తానంటే వారు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె వైద్యము చదివి 1900 లో తిరిగి వచ్చారు. 1918 లో వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల ప్రారంభించారు.

ఆసుపత్రి గేటు దాకా రాగలిగిన తల్లి బ్రదికింది. మరి రాలేని తల్లి మాటేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెదికినవారు వేలూరులోనే చదివిన దంపతులు, డాక్టర్లు రజనీకాంత్ ఆరోలే, మాబెల్ ఆరోలే గార్లు. 1970 లో వారు మహారాష్ట్రలోని కరువు సీమయైన జామఖేడులో పని మొదలుపెట్టారు. మొదట శిక్షణ పొందిన నర్సులను పల్లెలకు పంపారు గాని, ఆ పద్ధతి నిలువలేదు. అప్పుడు ఆయా ఊళ్ల స్త్రీలనే ఎన్నుకొన్నారు. వారిలో చాలామందికి అక్షరము ముక్క రాదు, దళిత స్త్రీలు కూడా ఉన్నారు. చేతులు సబ్బుతో కడుగుట, కొత్త బ్లేడుతో బొడ్డు కోయుట, చూలాలికి ధనుర్వాతము టీకా వేయించుట, విరేచనములైన బిడ్డకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పట్టుట, బిడ్డలను తూచుట, ప్రమాదమున్న కాన్పును ముందే గుర్తించి ఆసుపత్రికి పంపుట వారు నేర్చుకొన్నారు. కడుపుతో ఉన్నప్పుడు తక్కువ తినాలన్న నమ్మకమును డాక్టరు కాదంటే విననివారు, పొరుగింటి ఆమె చెప్తే విన్నారు. బోరుబావులను దళితవాడలలో వేయించారు. నీళ్ల కోసము అన్ని కులములవారూ అక్కడికే రావలసి వచ్చింది.

పని మొదలుపెట్టిన నాడు ఆ పల్లెలలో పుట్టిన ప్రతి వేయిమంది బిడ్డలలో 176 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1990ల నాటికి ఆ సంఖ్య 30 కి లోపు వచ్చింది. 1978 లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశములు ప్రాథమిక ఆరోగ్యమును గూర్చి ప్రకటన చేసినప్పుడు, జామఖేడు వంటి చోట్ల నేర్చిన పాఠములు వారి ముందున్నాయి. 1979 లో ఆరోలే దంపతులకు మెగసెసే బహుమానము లభించింది. 2005 తరువాత మన దేశములో వచ్చిన ఆశా కార్యకర్తలు కూడా ఊరి స్త్రీలే.

ఫలితము కనబడుతూనే ఉన్నది. 2001–03 లో మన దేశములో లక్ష సజీవ జననములకు 301 మంది తల్లులు చనిపోగా, 2018–20 లో ఆ సంఖ్య 97. ఆంధ్రప్రదేశ్‌లో అది 45, తెలంగాణలో 43. అయినా 2023 ఒక్క ఏడాదిలోనే ప్రపంచములో సుమారు 2,60,000 మంది తల్లులు ప్రాణము విడిచారు. వారిలో అత్యధికులు బీద దేశములవారు. అక్కడ కూడా తల్లులను బలిగొనేవి రక్తస్రావము, రక్తపోటు, పురిటి విషజ్వరము వంటివే. వీటిని ఎదుర్కొనే విద్య మనుష్యులకు తెలియనిది కాదు. అది సమయానికి ఆ తల్లి దగ్గరకు చేరడం లేదు.

మన ఇండ్ల సంగతి చూద్దాము. 2019–21 సర్వే ప్రకారము మన రెండు రాష్ట్రములలోను స్త్రీలలో సగానికి మించి రక్తహీనులే. అట్టి తల్లి కాన్పులో కొద్ది రక్తము పోయినా తట్టుకోలేదు. కనుక ప్రతి సంఘములోని స్త్రీల సమాజమువారికి మా మనవి ఇది: మీ పేటలో చూలాండ్రు ఎవరో తెలిసికొనండి. వారు సంఘ సభ్యులా కారా అని అడుగవద్దు. రక్తపరీక్ష జరిగినదా, ఇనుము మాత్రలు వేసికొంటున్నదా, నొప్పులు వచ్చిన రాత్రి బండి ఎవరిది, తోడు వెళ్లేది ఎవరు అని ముందే చూచి పెట్టండి. కుగ్లర్ దొరసానిగారు ఒక వాకిలి తెరిచారు. ఆ వాకిటి దాకా పొరుగింటి తల్లిని చేయి పట్టుకొని తీసికొని వెళ్లడం మన వంతు.