కొండకర్ల ఆవ – నత్తగుల్లకొంగ

మన సీమవారు బొజ్జన్నకొండ నెక్కి, 1907 ప్రాంతమున అలెగ్జాండర్ రే దొర త్రవ్వించిన బౌద్ధస్తూపములను గాంచి అచ్చెరువందుదురు. రాతిపై నిలిచినదే చరిత్రమని మన తలంపు. నీటిని నమ్ముకొన్న చరిత్ర మొకటి అనకాపల్లి దాపుననే కలదు. అది కొండకర్ల ఆవ.

కొండల నడుమ మంచినీరు, తామరలు, తుంగ, తాటిబొదెలను తొలిచి జంటగా గట్టిన దోనెలు: ఇది దాని స్వరూపము. మంచినీటి సరస్సులలో కొల్లేటి తరువాత దీనినే పేర్కొందురు. సముద్రము చేరువనే యున్నది. శీతకాలమున ఉత్తరదేశముల పక్షులును, తక్కిన దినములందు మన కొంగలును దీని నాశ్రయించును.

వానిలో నత్తగుల్లకొంగ విశేషమైనది. దాని ముక్కు మూసినను నడుమ సందు మిగులును. పిల్లలకు ఆ సందు లేదు; పెరిగిన కొలది ఏర్పడును. గుల్లను పగులగొట్టకయే అది నత్తను వెలికిదీయును. థాయిలాండు దేశమున వరికి చేటు తెచ్చిన పరదేశపు నత్తలను ఈ కొంగలే భక్షించుచున్నవి. అయినను మనము కపటికి ‘కొంగజప’మని పేరిడితిమి. పంచతంత్రమునందలి యొక్క బకము చేసిన మోసమును జాతి కంతటికిని పద్దు వ్రాసితిమి!

లెక్కలు వ్రాయువాడనగుటచే నా వృత్తిదోషము నొకటి యొప్పుకొందును. మా పుస్తకములలో పుట్టి పండు నేలకే విలువ. నీరు నిలుచు చోటు వట్టి పోరంబోకు. నీరు తగ్గిన చోట చాలు పడును. చాలు పడిన చోట గట్టు లేచును. గట్టు లేచిన చోటికి నీరు మరలి రాదు. నీరు లేనిచో నత్త లేదు, నత్త లేనిచో కొంగ లేదు.

కొల్లేటి కథ మనకు గుణపాఠము. 1999లో అది అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక పట్టిక కెక్కినది. అయినను ఆక్రమించిన చేపలచెరువుల గట్లను 2006లో తెగగొట్టింపవలసి వచ్చెను. శ్రీకాకుళపు సీమలో తేలినీలాపురము ప్రజలు మాత్రము ఏ యేటి కాయేడు వచ్చు కొంగలను శుభసూచకములుగా నెంచి తమ పెరటిచెట్లపై కాపాడుచున్నారు. శాసనము చేయలేనిదానిని గౌరవము చేసినది.

పాఠకమహాశయులారా! ఇరువదియైదేండ్లు గ్రంథములను భద్రపరచిన మన గ్రంథాలయమున నొక తెల్లకాగితపు పుస్తకమును తెరువుడు. కొంగలు వచ్చిన దినమును, నీరు నిలిచిన మేరను ఏటేట అందు వ్రాయుడు. స్వర్ణోత్సవమునాడు మన బిడ్డలు దానిని చదివి, ఆవ గట్టునకు బోయి సరిచూచుకొందురు గాక!