రాత్రి ఎవరిది? జాగరణ ప్రార్థనల చరిత్ర

డిసెంబరు 31 రాత్రి చర్చిలో మేల్కొని కొత్త సంవత్సరంలోకి అడుగుపెట్టడం మన పేటల్లో అందరికీ తెలిసిందే. ఈ 'వాచ్‌నైట్' మిషనరీలు నేర్పిన ఆచారమని కొందరు, ఉత్త మౌఢ్యమని ఇంకొందరు తేల్చేస్తారు. కానీ ప్రార్థనకి రాత్రే ఎందుకు కావలసివచ్చింది? పగలు ఎవరి చేతుల్లో ఉందో చూస్తేగానీ దీనికి జవాబు దొరకదు.

ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కనున్న కింగ్స్‌వుడ్‌లో బొగ్గుగని కూలీలు ఉండేవాళ్లు. 1740 తర్వాత అక్కడి మెథడిస్టులు తీరిక దొరికిన రాత్రుల్లో బడిలో చేరి చాలాసేపు ప్రార్థించేవాళ్లు. దీన్ని ఆపించమని జాన్ వెస్లీకి కొందరు సలహా ఇచ్చారు. ఆయన ఆపలేదు. ఆదిమ క్రైస్తవులూ ఇలాగే చేశారని ఒప్పుకుని, పున్నమికి దగ్గరి శుక్రవారం పెట్టించాడు. దూరం నుంచి వచ్చినోళ్లు వెన్నెల్లో ఇళ్లకి పోవాలి గదా! మొరావియన్లలో ఈ ఆచారం అంతకుముందే ఉన్నా, వెస్లీ కళ్లు తెరిపించింది మాత్రం ఈ కూలీజనమే.

అమెరికాలో రాత్రి మీద యజమాని కావలి ఉండేది. 1831లో బోధకుడైన నాట్ టర్నర్ బానిసల తిరుగుబాటు నడిపాడు. 1832లో వర్జీనియా చట్టం నల్లవాళ్లు బోధించడాన్ని నిషేధించింది. రాత్రి ఆరాధనకి పోవాలంటే బానిస యజమాని చేత రాయించుకోవాలి. అయినా అడవుల్లో దొంగచాటుగా కలిశారు. శబ్దం బయటికి పోకుండా కుండ బోర్లించి పెట్టుకున్నారు. 1862 డిసెంబరు 31 రాత్రి లింకన్ విముక్తి ప్రకటన కోసం మేల్కొని ఎదురుచూశారు. మర్నాడు ప్రకటన వచ్చింది గానీ, అది తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. దేశమంతటా బానిసత్వం చట్టరీత్యా పోయింది 1865 డిసెంబరులోనే.

మన వాచ్‌నైట్ నేరుగా వాళ్ల నుంచే వచ్చిందని నేననడంలేదు. కానీ పాలేర్లుగా, వెట్టివాళ్లుగా బతికిన మన పెద్దలకీ పగలు ఆసామిదే. 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్న లెక్క పుస్తకాల్లో ఉంది. పనయ్యాక పేటలో ఎవరు దీపం పెట్టారు, ఎవరు పాట ఎత్తుకున్నారు అన్నది మన ముసలోళ్ల నోటనే వెతకాలి. అది వాళ్ల భక్తి చరిత్రే కాదు. తమ కాలాన్ని తాము గుంజుకున్న చరిత్ర కూడా.