రైజెన్ 9 9950ఎక్స్‌3డీ: ఇంత ఖరీదైన ప్రాసెసర్ ఎవరికి అవసరం? కొనేముందు ఇవి చూడాల్సిందే!

కొత్తగా పీసీ బిల్డ్ చేయించుకునేవాళ్లు షాపులో ముందుగా అడిగేది ఒక్కటే.. "అన్నిటికన్నా టాప్ ప్రాసెసర్ ఏది?" అని. గేమింగ్, ఎడిటింగ్ రెండూ ఒకే మెషీన్‌లో కావాలనుకునేవాళ్లకు ఎక్కువగా వినిపించే పేరు ఏఎండీ రైజెన్ 9 9950ఎక్స్‌3డీ. 2025 మార్చి 12న మార్కెట్‌లోకి వచ్చిన ఈ చిప్ లాంచ్ ధర 699 డాలర్లు. మన దగ్గర దీనిపై 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. పైగా బోర్డు, ర్యామ్, కూలర్ కూడా ఆ స్థాయిలోనే కొనాలి. మరి ఇంత డబ్బు పెట్టేముందు ఏం చూడాలి? రివ్యూల్లోని నంబర్లను ఎలా అర్థం చేసుకోవాలి? వివరంగా తెలుసుకుందాం.

స్పెసిఫికేషన్లు ఇవీ..

- కోర్లు, థ్రెడ్లు: 16, 32
- గరిష్ఠ వేగం: 5.7 గిగాహెర్ట్జ్
- ఎల్3 క్యాష్: 128 ఎంబీ
- టీడీపీ: 170 వాట్లు
- సాకెట్: ఏఎం5
- ర్యామ్: డీడీఆర్5 మాత్రమే
- బాక్సులో కూలర్ ఉండదు

ఎక్స్‌3డీ అంటే ఏంటి?

ప్రాసెసర్‌కు డేటా కావాల్సినప్పుడల్లా ర్యామ్ దాకా వెళ్తే టైమ్ పడుతుంది. అందుకే తరచూ వాడే డేటాను చిప్ లోపలే ఉండే క్యాష్ మెమరీలో పెట్టుకుంటుంది. ఎక్స్‌3డీ మోడళ్లలో ఏఎండీ 64 ఎంబీ అదనపు క్యాష్‌ను కోర్ల చిప్‌కు నిలువుగా అతికిస్తుంది. గేముల్లో దీని ప్రభావం బాగా కనిపిస్తుంది.

పాత 7950ఎక్స్‌3డీలో ఈ క్యాష్ కోర్ల పైన ఉండేది. దాంతో వేడి బయటకు రావడం కష్టమయ్యేది. 9000 సిరీస్‌లో దీన్ని కోర్ల కిందకు మార్చారు. వేడి నేరుగా కూలర్‌కు చేరుతోంది కాబట్టి స్పీడ్ తగ్గించాల్సిన పని లేకుండా పోయింది.

అయితే ఇక్కడ ఓ మెలిక ఉంది. 16 కోర్లు రెండు చిప్‌లుగా, ఒక్కో దాంట్లో 8 చొప్పున ఉంటాయి. అదనపు క్యాష్ ఉన్నది ఒక చిప్‌కే. గేమ్ ఆడేటప్పుడు పని ఆ చిప్ మీదే జరగాలి. ఆ పని చూసుకునేది ఏఎండీ చిప్‌సెట్ డ్రైవర్, విండోస్‌లోని గేమ్ బార్. ఇవి అప్‌డేట్‌గా లేకపోతే డబ్బు పెట్టి కొన్న క్యాష్ గేమ్‌లో పూర్తిగా ఉపయోగపడకపోవచ్చు.

కంపెనీ చెప్పే పర్సంటేజీలను ఎలా చదవాలి?

7950ఎక్స్‌3డీ కన్నా గేముల్లో సగటున 8 శాతం, ఇంటెల్ కోర్ అల్ట్రా 9 285కే కన్నా 20 శాతం వేగం అని లాంచ్‌కు ముందు ఏఎండీ ప్రకటించింది. అయితే ఇవి 40 గేముల్లో, 1080పీ రిజల్యూషన్‌లో వచ్చిన సగటు లెక్కలు.

రిజల్యూషన్ ఎందుకు ముఖ్యం? 1080పీలో గ్రాఫిక్స్ కార్డుపై భారం తక్కువ. అందుకే ప్రాసెసర్ల మధ్య తేడా స్పష్టంగా బయటపడుతుంది. పరీక్షకు అది సరైన పద్ధతే. కానీ 4కేలో ఆడితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. అప్పుడు మిడ్ రేంజ్ ప్రాసెసర్‌కు, దీనికి మధ్య తేడా చాలా గేముల్లో దాదాపు కనిపించదు. కాబట్టి మీ మానిటర్ ఏదో, మీ కార్డు ఏదో ముందు చూసుకోండి.

సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూసి నిర్ణయానికి రావొద్దు. '1 శాతం లోస్' అనే నంబర్ కూడా చూడాలి. గేమ్ మధ్యలో ఎంత కిందకు పడిపోతుందో చెప్పేది అదే.

గేముల కోసమే అయితే..

ఇక్కడే చాలామంది ఎక్కువ ఖర్చు పెట్టేస్తుంటారు. రైజెన్ 7 9800ఎక్స్‌3డీలో 8 కోర్లే. లాంచ్ ధర 479 డాలర్లు. కానీ గేముల్లో రెండింటి ఫలితాలు దాదాపు సమానం. అంటే కేవలం గేములు ఆడేవాళ్లు 220 డాలర్లు ఎక్కువ పెట్టి కొనేది గేమ్ వాడుకోని కోర్లనే. ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డులో పెడితే లాభం నేరుగా తెరమీద కనిపిస్తుంది.

ఎడిటింగ్, కోడింగ్ చేసేవాళ్లకు..

బ్లెండర్ రెండరింగ్, పెద్ద ప్రాజెక్టుల కంపైలింగ్ లాంటి పనుల్లో 16 కోర్లూ పూర్తిగా పనిచేస్తాయి. ఈ పనులకు మాత్రం అదనపు క్యాష్ వల్ల పెద్దగా ఒరిగేది లేదు. గేములు అసలే ఆడనివాళ్లకు మామూలు 9950ఎక్స్ సరిపోతుంది.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు మరో పాయింట్ గమనించాలి. ఇప్పటి కెమెరాల్లో చాలావరకు 10 బిట్ 4:2:2 ఫార్మాట్‌లో రికార్డ్ చేసే వీలుంది. టైమ్‌లైన్‌పై ఆ హెచ్ఈవీసీ ఫైళ్లు ఆగకుండా ఆడాలంటే హార్డ్‌వేర్ డీకోడర్ ఉండాలి. ఇంటెల్ 285కేలోని గ్రాఫిక్స్‌కు ఆ సదుపాయం ఉంది. రైజెన్‌లోని చిన్న గ్రాఫిక్స్‌కు లేదు. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులకు ఉంది, 40 సిరీస్‌కు లేదు. అంటే పాత కార్డు అలాగే ఉంచి ప్రాసెసర్ మాత్రమే మార్చేవాళ్లకు 285కే నయం కావొచ్చు.

మన ఎండలకు తట్టుకుంటుందా?

ఫుల్ లోడ్‌లో ఈ చిప్ దాదాపు 200 వాట్ల దాకా తీసుకుంటుంది. 285కే పరిమితి 250 వాట్లు. రోజుకు 8 గంటలు 200 వాట్ల చొప్పున నడిస్తే ప్రాసెసర్‌కే 1.6 యూనిట్లు, నెలకు 48 యూనిట్లు.

రివ్యూల్లో టెంపరేచర్ చూసేటప్పుడు గది ఎంత చల్లగా ఉందో కూడా చూడాలి. కూలర్, లోడ్ అవే అయితే గది వేడి ఎంత పెరిగితే చిప్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఉదాహరణకు 22 డిగ్రీల ఏసీ గదిలో 80 డిగ్రీలు చూపించిన సెటప్, మే నెలలో 37 డిగ్రీల గదిలో 95కు చేరుతుంది. ఈ చిప్ గరిష్ఠ పరిమితి కూడా సరిగ్గా 95 డిగ్రీలే. అక్కడికి చేరగానే కాలిపోదు కానీ, తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. అంటే రివ్యూలో చూసిన వేగం మీ ఇంట్లో రాదు. 360 ఎంఎం లిక్విడ్ కూలర్, గాలి బాగా ఆడే క్యాబినెట్ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

ర్యామ్ విషయంలో జాగ్రత్త!

నాలుగు స్లాట్లూ నింపితే ఏఎం5లో ర్యామ్ అధికారిక వేగం 5600 నుంచి 3600కు పడిపోతుంది. 64 జీబీ కావాలంటే నాలుగు 16 జీబీ స్టిక్‌లు కాదు, రెండు 32 జీబీవి తీసుకోండి.

తొలి వారం రివ్యూలు చాలవు

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లకు లాంచ్‌లో మంచి మార్కులే పడ్డాయి. తర్వాత వోల్టేజ్ సమస్యతో కొన్ని మోడళ్లు క్రాష్ అవడం మొదలైంది. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను మాత్రం ఆ అప్‌డేట్ బాగు చేయలేదు. సెకండ్ హ్యాండ్‌లో ఈ చిప్‌లు కొనేవాళ్లు తప్పకుండా ఆరా తీయాలి.

ఏ చిప్ కొన్నా సీల్డ్ బాక్స్, జీఎస్టీ బిల్లు తీసుకోండి. బాక్స్ ప్రాసెసర్‌పై ఏఎండీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది. బాక్స్ లేకుండా తక్కువ ధరకు అమ్మే ట్రే చిప్‌కు కంపెనీ నుంచి నేరుగా ఆ వారంటీ రాదు.

మొత్తంగా ఎవరు కొనాలి?

- పగలు రెండరింగ్, రాత్రి గేమింగ్ చేసేవాళ్లు: 9950ఎక్స్‌3డీ
- గేములు మాత్రమే: 9800ఎక్స్‌3డీ
- పని మాత్రమే, గేములు లేవు: 9950ఎక్స్
- 4:2:2 వీడియో ఎడిటింగ్, పాత గ్రాఫిక్స్ కార్డు: 285కే
- 4కే గేమింగ్, బడ్జెట్ పరిమితం: ముందు గ్రాఫిక్స్ కార్డు, తర్వాతే ప్రాసెసర్

ఏఎం5 సాకెట్‌కు 2027 తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీ ఇప్పటికే ప్రకటించింది. కాబట్టి ఇప్పుడు మంచి బోర్డు మీద చిన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, అవసరం పెరిగాక పెద్దదానికి మారే దారి తెరిచే ఉంది.