చాటు నుంచి పెగిలే మాట: యువత, యంత్రం, మనోచికిత్స

మనసులోని బాధను ఎదుటి మనిషి ముఖం చూస్తూ చెప్పుకోవడం కష్టం. యుక్తవయసులో అది మరీ కష్టం. నేటి పిల్లలు తమ దిగులును వైద్యుడికన్నా ముందు ఫోనుకు చెప్పుకుంటున్నారని ఆశ్చర్యపోకండి. ఈ అలవాటుకు 70 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

1935లో ఇంగ్లండులో చాడ్ వారా అనే యువ మతాచార్యుడు నిర్వహించిన తొలి అంత్యక్రియలు 14 ఏళ్ల బాలికవి. తొలి ఋతుస్రావాన్ని సుఖవ్యాధిగా భ్రమించి, అడిగి తెలుసుకునే దిక్కు లేక ఆమె ప్రాణం తీసుకుంది. ఆ మరణాన్ని మరువలేని వారా, 1953లో లండన్‌లోని తన చర్చి నుంచి ఫోన్ సహాయసేవను ప్రారంభించారు. అదే సమారిటన్స్ సంస్థ. అక్కడ పేరు చెప్పనక్కరలేదు, ముఖం చూపనక్కరలేదు.

1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే కంప్యూటర్ ప్రోగ్రామును లోకానికి పరిచయం చేశారు. మనోచికిత్సకుడిని అనుకరిస్తూ అది మనం అన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడిగేది. అర్థం చేసుకునేది ఏమీ లేదు. దాని నిర్మాణాన్ని నెలల తరబడి చూసిన ఆయన కార్యదర్శి సైతం, దానితో సంభాషిస్తూ ఆయనను గది బయటికి వెళ్లమని కోరింది! కలత చెందిన వైజెన్‌బామ్ 1976లో ఒక గ్రంథమే రాసి, మానవ వివేకం అవసరమైన పనులను యంత్రానికి అప్పగించరాదని హెచ్చరించారు.

ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన ఉంచి చూడండి. రెండింటిలోనూ చాటు ఉండబట్టే మాట పెగిలింది. అయితే ఫోనుకు అవతల ప్రమాదాన్ని పసిగట్టగల మనిషి ఉన్నాడు. ఎలైజాకు అవతల ఎవరూ లేరు.

నేటి చాట్‌బాట్లు ఎలైజాకన్నా ఎంతో నేర్పుగా మాట్లాడతాయి. వాటికి అలవాటుపడిన యువకుడు తన జబ్బుకు తానే పేరు పెట్టుకుని చికిత్సకుడి వద్దకు రావచ్చు. ప్రతి మాటకూ తక్షణ సమాధానాన్ని, సమ్మతిని ఆశించవచ్చు. మనోచికిత్సలో మౌనానికీ, ఓపికకూ, ఒక్కొక్కప్పుడు విభేదానికీ స్థానముంది. ఆ తేడా ముందే తెలియకపోతే రెండో మారు రావడం మానేస్తాడు. అయినా, తెరపై అతడు రాసుకున్న మాటలు చికిత్సకు మంచి ఆరంభం కాగలవు.

కాబట్టి తల్లిదండ్రులారా, ఫోను లాక్కోకండి. అక్కడ ఏమి చెప్పుకుంటున్నాడో నెమ్మదిగా అడగండి, తీర్పు చెప్పకుండా వినండి. మీతో చెప్పలేకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ ఉంది. 14416 నంబరుకు ఉచితంగా, ఏ వేళలోనైనా, తెలుగులోనే మాట్లాడవచ్చు. చావు ప్రస్తావన వస్తే మాత్రం బిడ్డను ఒంటరిగా వదలకండి. వెంటనే వైద్యుడి వద్దకు తీసుకువెళ్లండి. తొలి మాట యంత్రానికి చెప్పుకున్నా, మలి మాట వినేందుకు మనిషి ఉండాలి.