నమూనా పుస్తకముల కథ

అందమైన వస్తువును చూచినప్పుడు దానిని మరువకుండ దాచుకొనవలెనను కోరిక సర్వసాధారణమైనది. చీర అంచు తునకను పెట్టెలో దాచువారును, ఆలయ స్తంభముపైని లతను కాగితముపై దించుకొనువారును, పత్రికలోని బొమ్మను కత్తిరించి పుస్తకమున అతికించువారును మన ఇండ్లలో తరతరములుగ నున్నారు. అయితే దాచుట యొక పని. దాచిన దానిని అవసరమైన వేళకు తీయగలుగుట మరియొక పని. మొదటిదానికి ప్రీతి చాలును, రెండవదానికి పద్ధతి కావలెను. ఆ పద్ధతి ఏ విధముగ పెరిగినదో, దానివలన లాభము పొందినవారెవరో, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నేతపనిని ఎదుట నుంచుకొని పరిశీలింతము.

మొదట మన వాకిటనే యొక దృష్టాంతము కలదు. ధనుర్మాసము వచ్చుసరికి పెట్టె అడుగుననున్న ముగ్గుల పుస్తకము వెలికి వచ్చును. అందు ప్రతి ముగ్గుకును పైన ఒక లెక్క వ్రాసియుండును: 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చువరకు. పద్మమా, చిలుకా, రథమా అన్నది తరువాతి మాట. ఏలయన ముగ్గు వేయబోవు ఇల్లాలికి మొట్టమొదట తెలియవలసినది తన వాకిలి ఎంత ముగ్గును పట్టగలదన్నదియే. చూచుటకు బొమ్మ ప్రధానము. చేయుటకు లెక్క ప్రధానము. చేయువారికి మొదట ఏది కావలెనో దానిని బట్టి సంగ్రహమును అమర్చవలెనను సూత్రమును ఏ గ్రంథాలయ శాస్త్రమును చదువని మన స్త్రీలు ఎన్నడో గ్రహించినారు.

నేతగాని విషయమును ఇంతియే. ఆదోని పరిసరములు నల్లరేగడి నేలలు; ప్రత్తికి పుట్టినిల్లు. విజయనగర రాజుల తరువాత బీజాపూరు సుల్తానులును, 1688 నుండి మొగలులును, అటు పిమ్మట నిజాము వంశీయులును ఏలిన ఈ దుర్గము 1800లో దత్త మండలములతో పాటు ఆంగ్లేయుల పరమయ్యెను. నాటినుండి 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మవతరించువరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో నుండి, ఆ దినమున కర్నూలు జిల్లాలో చేరినది. ఆంగ్లేయుల కాలమున ఆదోని నూలు తివాచీలు, అనగా మన మాటలో జంపఖానాలు, పేరు గన్నవి. తెలుగు, కన్నడము, ఉర్దూ కలసి వినవచ్చు ఆ వీధులలో మగ్గపు చప్పుడే నాల్గవ భాష.

జంపఖానా నేయువాని చేతిలో పూర్వము పుస్తకము లేదు. చారల వరుస అతని నోట లెక్కగ నుండెను. ఎఱుపు ఇన్ని పేకలు, నీలము ఇన్ని పేకలు, నడుమ తెలుపు ఇన్ని అని తండ్రి చెప్పగా కొడుకు నేర్చెను. మరచిపోయినచో ఇంట మిగిలిన పాత తునకయే గురువు. ఆ తునక చినిగినను, ఆ వృద్ధుడు గతించినను, ఆ నమూనా యును వానితో పోయెడిది. ఎన్ని అంచులు, ఎన్ని కొంగులు ఇట్లు అంతరించినవో లెక్క కట్టుట ఎవరి తరము?

ఇట్టి నేత వస్త్రములను గొప్ప యెత్తున సేకరించి అమర్చినవాడు నేతగాడు కాడు, వైద్యుడు. జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను స్కాట్లండు వైద్యుడు లండనులోని ఇండియా మ్యూజియమున భారతదేశ ఉత్పత్తుల విభాగమునకు అధికారిగ నుండెను. ఆయన 1866లో భారతీయ వస్త్రముల నమూనాలను 18 సంపుటములుగ వెలువరించెను. అవి బొమ్మలు కావు. నిజమైన బట్ట తునకలు. మొత్తము 700 నమూనాలు. ఒక్కొక్క బట్టను కత్తిరించి, 20 ప్రతులలో అతికించిరి. 13 ప్రతులు బ్రిటనులోను, 7 ప్రతులు ఇండియాలోను ఉంచబడెను. ప్రతి తునకకును ఒక అంకె. అంకెకు ఎదురుగ కొలత, తూకము, వెల, లభించిన స్థలము.

ఆ అమరికలోని నేర్పు గమనింపదగినది. వాట్సన్ వస్త్రములను ఊరి పేర్ల వరుసను పెట్టలేదు. కుట్టకుండ కట్టుకొను బట్టలను వేరుచేసి, వానిని తలపాగలు, పురుషుల ధోవతులు, లుంగీలు, స్త్రీల చీరలు అని వాడుకను బట్టి విభజించెను. కుట్టుటకు కొను తానులను వేరొక వర్గమున నుంచెను. 12వ సంపుటము ఏ నగరములో తెరచినను, ఫలాని అంకె కడ నున్నది ఒకే బట్ట. ఇంగ్లండు వర్తకుడు ఆ అంకెను జాబులో వ్రాసిన చాలును, ఇండియాలోని వర్తకుడు అదే తునకను చూచి మాటాడగలడు. తంతి, టపా తప్ప వేరు సాధనములు లేని దినములలో ఇది అసామాన్యమైన ఏర్పాటు.

కాని ఈ నేర్పు ఎవరికొఱకు? భారతీయులు ఏ బట్టను, ఏ కొలతలో, ఏ రంగులో కోరుదురో బ్రిటిషు మిల్లు యజమానులు తెలిసికొని, అట్టి బట్టనే యంత్రముపై నేసి ఇచ్చట అమ్మవలెనన్నది ఆ సంగ్రహము యొక్క ముఖ్యోద్దేశములలో నొకటి. నేతగాని ఊరు అందు కలదు, వెల కలదు, తూకము కలదు, అతని పేరు మాత్రము లేదు. ఇంత శ్రద్ధతో తూచి, కొలిచి, అంకె వేసినవారికి ఆ చేతుల యజమాని ఎవరన్న ప్రశ్న తోచకపోయెను. సంగ్రహము ఎంత చక్కగ నమరినను, దాని అక్కర ఎవరిదైన లాభమును వారిదే యగునని దీనివలన స్పష్టమగుచున్నది.

ఈ తలక్రిందుల స్థితిని సరిచేయుటకు మార్గము నేతగాండ్రు తామే కూడి నిలుచుట. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించెను. ఆయన సేవకు భారత ప్రభుత్వము 1954లో పద్మశ్రీ బిరుదము నొసగినది. సహకార సంఘమనగా నూలును కలసి కొని బట్టను కలసి అమ్ముట మాత్రమే కాదు. సాహుకారు ఒక నేతగానికి ఒక చీరను చూపి ఇట్లే నేయుమన్నప్పుడు జ్ఞాపకము చాలును. దూరపు పట్టణమునుండి దుప్పట్లకో, తెరలకో ఆర్డరు వచ్చి, ఆ పనిని అనేక మగ్గములకు పంచవలసి వచ్చినప్పుడు నోటి లెక్క చాలదు. మొదటి మగ్గపు దుప్పటియు, చివరి మగ్గపు దుప్పటియు ఒకటే కావలెను. అందుచేత నమూనాకు అంకె, నూలు నంబరు, రంగు, పడుగు పోగుల లెక్క, వెడల్పు వ్రాసి యుంచుట అలంకారము కాదు, జీవనాధారము.

జకార్డు సాధనముతో ఈ లెక్కకు రూపమే ఏర్పడినది. ఫ్రాన్సు దేశీయుడు జకార్డు 19వ శతాబ్ది ఆరంభమున దీనిని తీర్చిదిద్దెను. బొమ్మను ముందు గళ్ల కాగితముపై దించుదురు. అడ్డముగనున్న ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క అట్ట. పోగు లేవవలసిన చోట రంధ్రము. ఆ అట్టలను వరుసగ దారముతో కుట్టి మగ్గముపై వ్రేలాడదీసినచో నాడె పోయిన ప్రతిసారియు ఒక్కొక్క అట్ట తిరిగి, బొమ్మ బట్టపై దిగుచుండును. ఇక పేరు వ్రాయని అట్టల కట్ట అటకపై నున్నచో అది నమూనా కాదు, వంటచెఱకు మాత్రమే. పేరును తేదీయును వ్రాసినచో మనుమడు సైతము దానిని మగ్గమున కెక్కింపగలడు.

దేశమున 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడినది. 1956 నుండి నేతగాండ్ర సేవా కేంద్రములు నెలకొల్పబడినవి. అందు చిత్రకారులను, నేత నిపుణులను ఒక చోట కూర్చి, పాత నమూనాలను దించుకొని క్రొత్త వానిని కల్పించిరి. కె. జి. సుబ్రహ్మణ్యన్ వంటి ప్రసిద్ధ చిత్రకారుడును ఆ బోర్డున రూపకల్పన శాఖలో పనిచేసెను. వాట్సన్ సంపుటములు మిల్లు యజమానికి చేసిన పనిని ఈ కేంద్రములు మగ్గమువానికి చేయబూనినవి.

నేడు ఈ పనియంతయు అరచేతిలోనికి వచ్చినది. 2010లో అమెరికాలో ప్రారంభమైన పింటరెస్ట్ అను అంతర్జాల సాధనమున, నచ్చిన బొమ్మను తన పలకపై గుండుసూదితో గుచ్చినట్లు దాచుకొనవచ్చును. పెండ్లి చీరలకు ఒక పలక, కిటికీ తెరలకు ఒకటి, వంటయింటికి మరియొకటి. ఒక పలకలోనే విభాగములు చేయు సౌకర్యము 2017లో చేరినది. కాని సాధనము మారినను వెనుకటి చిక్కు మారలేదు. దాచుట ఎంత సులభమైన, మరచుట అంత సులభము. వేయి అంచులు దాచినవారు అంగడిలో నిలువబడి ఒక్కటియు చూపలేకపోవుట మనము చూచుచునే యున్నాము.

దీనికి ఉపాయము ముగ్గుల పుస్తకముననే యున్నది. పలకకు "అందమైనవి" అని పేరు పెట్టిన ప్రయోజనము లేదు. "అక్క కూతురి పెండ్లికి, జరీ అంచులు" అని చేయబోవు పనిని బట్టి పేరు పెట్టవలెను. బొమ్మ క్రింద రెండు మాటలైన వ్రాయవలెను: ఏది నచ్చినది, రంగా, అంచా, కొలతయా? పని ముగిసిన పిమ్మట పలకను తిరుగవేసి, పనికిరాని వానిని తీసివేయవలెను. గాదెను ఏటేట ఊడ్చినట్లే ఇదియును.

ఇంకొక మాట. బొమ్మను దాచునప్పుడు అది ఏ ఊరిదో, ఎవరి చేతిదో తెలిసినంతవరకు వ్రాయుడు. తెరపై బొమ్మ చేతులు మారుచు పోవునప్పుడు మొదట జారిపోవునది నేసినవాని పేరే. 1999లో పార్లమెంటు చేసి, 2003లో అమలునకు వచ్చిన భౌగోళిక గుర్తింపు శాసనము ఊరి పేరును రక్షించుటకు పుట్టినది. పోచంపల్లి ఇకత్తు వంటి మన నేతలు ఆ గుర్తింపును పొందినవి. కాని శాసనము ఊరిని కాపాడగలదు గాని, మనిషిని గుర్తుంచుకొనదు. ఆ పని దాచుకొనువారిదే. 1866 నాటి 700 తునకల క్రింద లేని ఆ ఒక్క పంక్తిని, మన ఇంటి పుస్తకములోనైనను, మన పలకపైనైనను వ్రాయుటకు పట్టునది అరనిమిషము.