ఈ రాత్రి ఏ ఆట?

మొన్న యువజన కార్యక్రమమున పాల్గొనుటకు మా కేంద్రమునకు వచ్చిన ఒక కళాశాల విద్యార్థి, ధ్వనిముద్రణ ముగిసిన పిమ్మట జేబులోనుండి ఒక కాగితము తీసినాడు. అందు పదునాలుగు వీడియో ఆటల పేర్లు వరుసగా వ్రాసియున్నవి. అన్నియు పాత్రధారణ క్రీడలు, సాహసక్రీడలు. కొన్ని అతడు కొని ఉంచినవి, కొన్ని మిత్రులు మెచ్చినవి. “ఒకటి నిన్ననే ముగించినానండీ. తరువాత ఏది మొదలుపెట్టవలెనో తోచుట లేదు” అన్నాడు. మేము ఆ విద్యలో ఆరితేరినవారము కాము. కాని చరిత్ర చదువుకొన్నవారము గనుక, ఈ ప్రశ్న అనంతపురపు మెట్టసీమకు క్రొత్తది కాదని మాత్రము చెప్పగలిగితిమి.

మన భాషలో ‘ఆట’ అను మాట ఒక్కటియే. పిల్లలు ఆడుకొనునదియు ఆటయే, తెరమీద చూపు బొమ్మల కథయు ఆటయే. ఈ సీమలో తరతరములుగా రాత్రివేళ వెలుగుతెరమీద వీరులు నడచినది తోలుబొమ్మలాటలోనే. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రనాటికే ఈ కళ తెలుగుదేశమున ప్రసిద్ధమై యున్నది. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట నేటికిని దీనికి పేరుమోసిన గ్రామము. 2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు ఆ గ్రామము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. అచటి కళాకారుల కుటుంబములు ఇంటిలో మరాఠీ మాటాడుచు, తెరవెనుక మాత్రము తెలుగున కథ నడపుదురు. మేకతోలును పలుచగా చేసి, రంగులు వేసి, కీళ్లు కుట్టి, నిలువెత్తు బొమ్మలను సిద్ధము చేయుదురు. పూర్వము ఆముదపు దీపముల వెలుగున చీకటి పడినది మొదలు తెల్లవారువరకు ఆట సాగెడిది. నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క ప్రవేశించి నవ్వించెడివారు.

మేళము ఊరికి వచ్చినప్పుడు మొదట తేలవలసినది ఒక్కటే: ఈ రాత్రి ఏ ఆట? రామాయణము మొత్తము చూపవలెనన్న ఎన్నో రాత్రులు కావలెను. అన్నినాళ్లు మేళమునకు ధాన్యమిచ్చి పోషించు శక్తి ఊరికి ఉన్నదా? పంట ఇల్లు చేరినదా, ఇంకను కళ్లమునందే ఉన్నదా? వాన వచ్చినదా? ఈ లెక్కలన్నియు చూచుకొని గాని కథ ఏదో తేల్చుకొనుటకు వీలులేదు.

వాన సంగతి ఇచట చిన్నది కాదు. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించును. తూర్పు తీరము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనము చేరులోపల బలహీనపడును. ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. 1876-78 నాటి మహాక్షామము ఈ సీమను దారుణముగా పీడించినది. అట్టిచోట వాన పట్టు తప్పినయెడల ఊరివారు కోరుకొను కథ విరాటపర్వము. దానిని చదివించినను ఆడించినను వానలు కురియునని తెలుగునాట విశ్వాసము. అందులకు ఆధారము కథలోనే కలదు. పాండవుల జాడ తెలియక కౌరవులు తలపట్టుకొన్నప్పుడు, ధర్మరాజున్న దేశమున సకాలమున వానలు కురియును, పాడిపంటలు నిండియుండును, ఆ గురుతుతో వెదకుడని భీష్ముడు చెప్పును. ధర్మరాజు అడుగుపెట్టిన చోట వాన కురియునని కదా భావము! ఆయనను తెరమీదికి పిలిచిన ఊరు వాననే పిలుచుచున్నది. ఎండిన చెరువును చూచి వచ్చి తెరముందు కూర్చున్నవారికి ఆ ఆట వినోదముతోబాటు మొక్కుబడియు నగును.

విరాటపర్వమును మించిన పాత్రధారణ మన సాహిత్యమున మరి యెక్కడ నున్నది? ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వంటలవాడైన వలలుడుగా, అర్జునుడు నాట్యము నేర్పు బృహన్నలగా, నకులసహదేవులు దామగ్రంథి తంత్రీపాలులుగా, ద్రౌపది సైరంధ్రిగా ఒక యేడాది మెలగవలెను. వేషము బయటపడెనా, ఓటమి. నేటి పాత్రధారణ క్రీడకు కావలసిన నియమమంతయు ఇందున్నది. మరియొక విశేషము. నన్నయగారు అరణ్యపర్వము నడుమ ఆగిపోగా, పదుమూడవ శతాబ్దమున తిక్కనగారు ఆ మిగిలిన భాగమును విడిచి, విరాటపర్వముతోనే తమ రచన నారంభించిరి. వెనుకటి పర్వములు చదువనివానికి కూడ ఆ కథ తనంత తాను నిలువగలదు.

ఇక ఆ విద్యార్థి కాగితములోని ఆటల పుట్టుక చూతము. 1974లో అమెరికాయందు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. బల్లచుట్టు కూర్చుండి ఒక్కొక్కరొక పాత్ర ధరించి, ఒకరు కథ నడపగా, పాచికలు వేసి ఫలము తేల్చుకొనుట దాని పద్ధతి. 1976 ప్రాంతమున విల్ క్రౌథర్ అను ఇంజనీరు, కెంటకీ రాష్ట్రమున తాను దిగి చూచిన మామత్ గుహను కంప్యూటరులో మాటలతో కట్టి, తన కుమార్తెలు ఆడుకొనుటకై ఒక ఆట చేసెను. మరుసటి యేడు డాన్ వుడ్స్ దానిని పెంచెను. సాహసక్రీడలకు అదియే మూలము. మన తాడిపత్రికి చేరువనున్న బెలుం గుహలలో దీపము పట్టుకొని నడచినవారికి ఆ గుహ ఏల ఆటగా మారినదో వేరుగ చెప్పనక్కరలేదు. 1986లో జపానున ‘డ్రాగన్ క్వెస్ట్’, 1987లో ‘ఫైనల్ ఫాంటసీ’ వెలువడి ఈ క్రీడలను ఇంటింటికి చేర్చినవి. చూడగా ఈ ఆటలు పుట్టుకలో ఒంటరివి కావు: ఒకటి మిత్రులు బల్లచుట్టు కూర్చుండి ఆడినది, ఒకటి తండ్రి బిడ్డలకై చేసినది.

కనుక మేము ఆ విద్యార్థికి ఊరివారి లెక్కలనే అప్పజెప్పితిమి. మొదటిది, ఎన్ని రాత్రులు? 2015లో పోలండు దేశీయులు వెలువరించిన ‘విచర్ 3’ ప్రధానకథయే సుమారు ఏబది గంటలు పట్టును. అనగా తెల్లవార్లు సాగు బొమ్మలాటలు ఆరు. పరీక్షలు ముంగిటనున్నవాడు దానిని మొదలుపెట్టుట, కళ్లములో పంట ఉండగా రామాయణమంతయు ఆడించుట వంటిది. రెండవది, ఎచట మొదలిడవలెను? ‘ఫైనల్ ఫాంటసీ’లో అంకెగల భాగములు చాలవరకు వేరువేరు కథలు; తిక్కనగారివలె నడుమనుండి ఎత్తుకొనవచ్చును. 2007, 2010, 2012 సంవత్సరములలో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్’ మూడు భాగములు అట్టివి కావు. మొదటిదానిలో మనము చేసిన నిర్ణయము మూడవదానివరకు వెంటవచ్చును. అచట వరుస తప్పరాదు. మూడవది, మనస్సునకు ఇప్పుడు కావలసినదేమి? దీర్ఘమైన యుద్ధకథ ముగించినవాడు వెంటనే మరియొక యుద్ధమునకు దిగిన సగములో విసుగును. నాలుగవది, ప్రక్కన ఎవరు కూర్చుందురు? తెలుగున మాటాడు పెద్ద ఆటలు నేటికిని అరుదు. ఆంగ్లము రానివారు ప్రక్కనున్నచో కథ విప్పి చెప్పుటయు ఆటలో భాగమగును.

ఊరి ఎంపికయే ఉత్తమమని మేము వాదింపము. ఆనాడు ఒక బాలునికి కిరాతార్జునీయము చూడవలెనని ఉండి, ఊరు లంకాదహనము కోరినచో, వాడు లంకాదహనమే చూడవలెను. తన కథ తానే ఎన్నుకొను స్వేచ్ఛ నేటి యువకునికి దక్కిన లాభము. కీచకుని పరాభవమునుండి ద్రౌపదిని తప్పించుట బొమ్మలాట చూచువారికి సాధ్యము కాలేదు. నేటి ఆటలలో కొన్నింట ఆడువాడు కథగతిని త్రిప్పగలడు. కాని ఒంటరిగా ఎన్నుకొనువానికి లెక్క అడుగువారుండరు. అందుచే పదునాలుగు ఆటలు కొనియు ఒక్కటి మొదలుపెట్టలేని దిగులు కలుగుచున్నది. ఇంకొక నష్టము నిమ్మలకుంటలో కన్పట్టును: ఆడించువారు తగ్గగా, బొమ్మలు చేసిన చేతులు నేడు దీపపు గుమ్మటములు, గోడచిత్రములు చేసి బ్రతుకుచున్నవి.

అయినను ఈ రెండు తెరలు ఒకదానికొకటి పరాయివి కావు. 2020లో నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. ఆ సంవత్సరముననే పుణె నగరపు యువకులు నిర్మించిన ‘రాజి’ అను సాహసక్రీడ వెలువడినది. రాక్షసులు ఎత్తుకొనిపోయిన తమ్ముని వెదకు అక్క కథ అది. దుర్గయు విష్ణువును సంభాషించుచు నడపుదురు. అందలి కథాఘట్టములను వారు నీడబొమ్మల రీతిలోనే చూపిరి. అయిదారు గంటలలో ముగియును గనుక, ఒక్క రాత్రి బొమ్మలాటలో ఇమిడిపోవును.

విద్యార్థి శ్రద్ధగా విని, కాగితమున ఒక పేరు క్రింద గీత గీచినాడు. ఏ పేరో మేము అడుగలేదు. “ఎవరితో ఆడెదవు నాయనా?” అని మాత్రమే అడిగితిమి. “మా చెల్లెలు చూచెదనన్నదండీ” అన్నాడు.