ఫిన్లాండులో ప్రజాప్రభుత్వము నిలిచిన వైనము

గ్రామములో తగవులు తీర్చు పెద్దల కొక చిక్కు తఱచుగా వచ్చుచుండును. తప్పు చేసినవాడు పరాయివాడైనచో తీర్పు చెప్పుట సులభము. వాడు తమ కక్షివాడై, తమకు పెద్దఱికము కట్టబెట్టినవాడైనప్పుడే నోరు పెగలదు. తొంబది యేండ్లకు పూర్వ మీ చిక్కే యొక దేశాధ్యక్షునకు వచ్చినది. ఆ దేశము ఐరోపాఖండపు ఉత్తరపు కొసనున్న ఫిన్లాండు. ఆ సంవత్సరము 1932.

ఫిన్లాండు అడవులకును సరస్సులకును పేరుగొన్న చిన్న దేశము. 1809 వఱకు స్వీడను రాజులక్రిందను, అటుపిమ్మట రష్యా చక్రవర్తులక్రిందను ఉండెను. పరప్రభుత్వము క్రింద నున్నప్పుడే, 1906లో, అచ్చట స్త్రీపురుషు లందఱకును వోటుహక్కు లభించెను. 1917 డిసెంబరు 6వ తేదీన స్వతంత్రమైనది. అయితే స్వాతంత్ర్యము వచ్చి రెండు మాసములు నిండకముందే అన్నదమ్ములమధ్య యుద్ధము పుట్టినది. కూలీలు, కౌలుదారులు మొదలగువారు ఎఱ్ఱపక్షముగను, భూమిగల రైతులు, ధనికులు మొదలగువారు తెల్లపక్షముగను చీలి పోరిరి. ఆ యుద్ధమునను, దాని వెనువెంటను 36,000 మందికి పైగా మడిసిరి. వీరిలో వేలకొలది జనులు పోరు ముగిసిన తరువాత బందీల శిబిరములలో ఆకలిచేతను వ్యాధులచేతను చనిపోయినవారే. తెల్లపక్షము గెలిచినది. గెలిచినవారి స్వచ్ఛందసేన రక్షకదళమను పేరుతో, తుపాకులతో, పల్లెపల్లెను నిలిచియుండెను. ఓడినవారిలో మితవాదులైన సోషల్ డెమోక్రాట్లు మఱుసటి యేడే వోట్లతో తిరిగివచ్చి, పార్లమెంటులోని 200 స్థానములలో 80 గెలుచుకొనిరి. ఇట్లు ఒకరినొకరు చంపుకొన్నవారు ఒకే సభలో కూర్చుండవలసివచ్చినది. సరిహద్దున కావల సోవియట్టు రష్యా. ఫిన్లాండు నుండి పాఱిపోయిన కమ్యూనిస్టు నాయకులు అచ్చటనే కాచుకొనియుండిరి.

కాబట్టి రైతులకు భయముండుట వింతకాదు. ఆ భయ మెందులకు వినియోగపడినదో అది చూడవలసినది. 1929 నవంబరులో లాపువయను పల్లెలో కమ్యూనిస్టు యువకులు ఎఱ్ఱచొక్కాలతో సభ చేయబోగా, ఊరివారు ఆ చొక్కాలను చించి వారిని తఱిమివేసిరి. అదియే మొదలు. కోసోల యను రైతు నాయకుడుగా ఒక ఉద్యమము లేచి, ఆ పల్లె పేరనే లాపువ ఉద్యమమని ప్రసిద్ధికెక్కినది. మొదట ఒక పత్రిక అచ్చుయంత్రములను పగులగొట్టిరి. తరువాత మనుష్యులను పట్టుకొని మోటారుబండ్లలో ఎక్కించి, కొట్టి, రష్యా సరిహద్దుకడకు తీసికొనిపోయి వదలసాగిరి. కొందఱు ప్రాణములే కోల్పోయిరి. 1930 జూలైలో ఇద్దఱు కమ్యూనిస్టు సభ్యులను పార్లమెంటు ఉపసంఘము సమావేశమునుండియే ఎత్తుకొనిపోయిరి. ఆ నెల 7వ తేదీన పండ్రెండు వేలకు పైబడిన రైతులు రాజధానియగు హెల్సింకీకి తరలివచ్చిరి. దేశాధ్యక్షుడును ప్రధానమంత్రియు వారి నెదుర్కొని గౌరవించిరి. ఆ యేటనే కమ్యూనిస్టులను నిషేధించు శాసనములును, రిపబ్లికు రక్షణశాసనమను మఱియొకటియు పుట్టినవి. ఇది మంచి పనియని అప్పుడు అనేకులు తలంచిరి. శాసనము చేయించుకొనుటకు శాసనమును మీఱవచ్చునా యని అడిగినవారు తక్కువ.

కోరినది లభించినపిమ్మట దౌర్జన్య మాగవలెను గదా. ఆగలేదు. 1930 అక్టోబరు 14వ తేదీన మొదటి దేశాధ్యక్షుడు స్టోల్బర్గు తన భార్యతో ఉదయము వాహ్యాళికి పోవుచుండగా దుండగు లిరువురను బలాత్కారముగా బండిలో నెక్కించి, దేశమునకు తూర్పుకొసనున్న యోయెన్సూవఱకు తీసికొనిపోయిరి. స్టోల్బర్గు కమ్యూనిస్టు కాడు. రాజ్యాంగము వ్రాయుటలో ముఖ్యుడు, న్యాయశాస్త్రపండితుడు. ఎఱ్ఱపక్షపు ఖైదీలలో పెక్కుమందిని క్షమించి విడిపించుటయే ఆయన నేరము. ఈ వ్యవహారములో సైన్యపు ముఖ్యాధికారి వల్లేనియుసు పేరు బయటపడి ఆతని పదవి పోయినది. లాపువవారు మఱుసటి యేట ఆతనినే తమ కార్యదర్శిగా పెట్టుకొనిరి! దేశములో మర్యాదగల వారనేకు లీ యుద్యమమునకు దూరమైన దప్పుడే.

ఇక మన కథలోని అధ్యక్షుడు. ఆయన పేరు స్వీన్హూవుదు. మన నాలుకకు కొంచెము కష్టమైన పేరే. ఆ దేశపు జనులు చనువుగా 'ఉక్కో పెక్క', అనగా పెక్కతాత, అనువారు. ఆయన వృత్తిచే న్యాయాధిపతి. 1914లో రష్యా ప్రభుత్వము అక్రమముగా నియమించిన అధికారి యాజ్ఞలను పాటింపనని భీష్మించి సైబీరియా ప్రవాసమునకు పోయి, 1917లో విప్లవము వచ్చినప్పుడు తిరిగివచ్చెను. శాసనమన్న ఆయనకు ప్రాణము. అయినను ఎఱ్ఱపక్షమన్న సరిపడదు. 1930లో రైతుల ఊరేగింపును గౌరవించిన ప్రధానమంత్రి ఆయనయే. 1931లో దేశాధ్యక్షపదవికి స్టోల్బర్గుతో పోటీచేసి, 300 మంది నిర్ణాయకులలో 151 మంది వోట్లతో గెలిచెను, స్టోల్బర్గుకు 149. లాపువవారి యొత్తిడి లేనిచో ఆ గెలుపు లేదని యందఱు నెఱుగుదురు.

1932 ఫిబ్రవరి 27వ తేదీన హెల్సింకీకి ఉత్తరమున మ్యాంట్సలా యను గ్రామప్రాంతమున సోషల్ డెమోక్రాట్లు తమ కార్మికశాలలో సభ జరుపుచుండిరి. రక్షకదళమువారు సుమారు 400 మంది తుపాకులతో వచ్చి, కాల్పులు జరిపి, సభను చెదరగొట్టిరి. చెదరిపొండని ప్రభుత్వ మాజ్ఞాపించినను వారు కదలలేదు. లాపువ నాయకులు, వల్లేనియుసుతో సహా, వచ్చి వారితో కలిసిరి. ఇతర మండలములలోను సాయుధులు గుమిగూడిరి. మంత్రివర్గము దిగిపోవలెను, సోషల్ డెమోక్రాట్ల నణచవలెను అని వారు కోరిరి. దేశరక్షణకని ఇచ్చిన తుపాకులు దేశముమీదికే తిరిగినవి. కంచెయే చేను మేసినట్లు.

సైన్యమును పంపినచో 1918 తిరిగి వచ్చును. పంపకున్నచో రేపటినుండి ఏ మంత్రివర్గమైనను తుపాకి చూపినవాని దయమీద బ్రదుకవలెను. మార్చి 2వ తేదీన డెబ్బదియేండ్ల స్వీన్హూవుదు రేడియోముందు కూర్చుండెను. తాను జీవితమంతయు శాసనముకొఱకును న్యాయముకొఱకును పాటుపడితిననియు, అట్టిదానిని కాళ్లక్రింద త్రొక్కి పౌరులను ఒకరిపై నొకరిని ఆయుధములతో పురికొల్పుచుండగా చూచి యూరకుండజాలననియు చెప్పెను. పురికొల్పినవారికి మాత్రమే శిక్ష. తక్కినవారు వెంటనే ఇండ్లకు పోయినచో దండన యుండదని మాట ఇచ్చెను. ఆ మాటలు వినుచున్నవారిలో పలువురు ఆయన పక్షమువారే, ఆయనను పెద్దగా నెంచినవారే. మఱియొక అధ్యక్షుడు, చెప్పుడు స్టోల్బర్గే, ఆ మాటలు పలికియుండినచో ఆ రైతులు నవ్వి ఊరకుండెడివారని నా నమ్మకము.

మాటమాత్రముచేత పని జరిగినదనుట సరికాదు. సైన్యము ప్రభుత్వమునకు కట్టుబడియుండెను. రక్షకదళమునకు అధిపతియైన మాల్మ్‌బర్గు సేనాని తన దళములో కొందఱు తిరుగబడినను తాను తిరుగబడలేదు. రక్తపాత మేమియు లేకుండ మార్చి 6వ తేదీ నాటికి తిరుగుబా టణగినది. నాయకులు పట్టుబడిరి. 1930లో తాము పట్టుపట్టి చేయించిన రిపబ్లికు రక్షణశాసనముచేతనే ఆ నెలలో లాపువ ఉద్యమము రద్దయినది. ఐతే నాయకులకు పడిన శిక్షలు మిక్కిలి స్వల్పములు. ఎఱ్ఱపక్షమువాడే ఆ పని చేసియుండిన నంత దయ దొరకియుండెడిది కాదు. ఉద్యమము వేఱుపేరుతో రాజకీయకక్షిగా మఱల తలయెత్తెను గాని, 1936 ఎన్నికలలో దానికి దక్కినవి 14 స్థానములే, 1939లో 8.

ఇరుగుపొరుగున నేమి జరిగెను? పోలండులోను లిథువేనియాలోను 1926లోనే సేనానాయకుల బలముతో పార్లమెంటులు కుంగినవి. జర్మనీలో 1933లో హిట్లరు వచ్చెను. ఎస్టోనియా, లాట్వియా దేశములలో 1934లో ఎన్నికైన నాయకులే సభలను మూసివేసిరి. ఫిన్లాండులో సభ మూతపడలేదు. 1937లో రైతుకక్షియు సోషల్ డెమోక్రాట్లును కలిసి మంత్రివర్గము నేర్పఱచుకొనిరి. స్వీన్హూవుదు తానధ్యక్షుడుగా నున్నంతకాలము సోషల్ డెమోక్రాట్లను మంత్రివర్గములోనికి రానీయలేదు. ఆయన ఆ యేట ఓడిన తరువాతనే అది సాధ్యమైనది. మహానుభావుడు గాని, ఆయన చూపునకును ఒక హద్దుండెను.

1939 నవంబరు 30వ తేదీన సోవియట్టు సేనలు ఫిన్లాండుపై బడినవి. మఱునాడే సరిహద్దుకడ నున్న తెరియోకి పట్టణములో ఫిన్లాండు కమ్యూనిస్టు కూసినెను ప్రధానిగా బెట్టి, ఇదియే ఫిన్లాండు కార్మికుల నిజమైన ప్రభుత్వమని మాస్కోవారు చాటిరి. ఇరువదియొక్క యేండ్లకు మునుపు తెల్లపక్షముచేత తండ్రులను పోగొట్టుకొన్నవారు వచ్చి చేరుదురని వారి యంచనా. అంచనా తప్పినది. హెల్సింకీ మంత్రివర్గములో విదేశాంగమంత్రి సోషల్ డెమోక్రాట్టు నాయకుడు టాన్నరే. కార్మికులు తెరియోకి పిలుపునకు కదలక, తమ దేశపు సైన్యములో చేరి మంచులో పోరాడిరి. 1940 మార్చి 12వ తేదీన సంధి కుదిరి దేశములో సుమారు పదియవ వంతు పోయినది. రాజ్యము మాత్రము నిలిచినది.

యుద్ధము నడుచుచుండగనే, 1940 ఫిబ్రవరిలో, రక్షకదళమువారును సోషల్ డెమోక్రాట్లును ఒడంబడికకు వచ్చి, అంతవఱకు వెలియైన కార్మికులు ఇకమీదట దళములో చేరవచ్చునని ప్రకటించిరి. ఆ దళము మ్యాంట్సలాలో వారి సభపై తుపాకులు కాల్చి అప్పటికి దాదాపు ఎనిమిదేండ్లు.